స్ప్లెండర్ తరువాత ఏ బండి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని తమ్ముళ్లు అడిగినప్పుడు ఏం రాయాలా అని చాలాసేపు ఆలోచించాం. విద్య విలువ గురించి, క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అవన్నీ అవసరమే. కానీ రాత్రి భోజనాలయ్యాక ప్లేట్లు కడుక్కొని వరండాలో కూర్చున్నప్పుడు మన హాస్టల్‌లో నిజంగా నడిచే చర్చ వేరు. పల్సర్ మంచిదా, అపాచీ మంచిదా? బుల్లెట్టు కొనాలా, ఆర్-15 కొనాలా? ఉద్యోగం వస్తే మొదట ఏం కొంటావురా అని అడిగితే ఎక్కువమంది నోట వచ్చే జవాబు బండే. ఇంతమంది మనసులో ఉన్న సంగతిని చిన్న విషయమని ఎందుకు వదిలేయాలి? అందుకే ఈసారి దాని గురించే రాస్తున్నాం.

ముందు మా సంగతి చెప్పాలి. మేము ముగ్గురం. ఈ హాస్టల్‌లో ఒకే గదిలో ఉండి డిగ్రీ పూర్తి చేశాం. మూడు ఇళ్లలోనూ డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. ఇప్పుడు ఇద్దరం ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాం. మూడోవాడు ఒక మందుల కంపెనీలో చేరాడు. కోతలు పోను నెలకు 22 వేలు చేతికి వస్తున్నాయి. డిగ్రీ రెండో ఏడాదిలో తలా ఎనిమిది వేలు వేసుకొని 24 వేలకు ఒక పాత స్ప్లెండర్ కొన్నాం. 2014 నాటి బండి. సీటు చిరిగి ఉండేది. సెల్ఫ్ పనిచేసేది కాదు, కిక్కు కొట్టాల్సిందే.

"హాస్టల్ పిల్లలకు బండ్లెందుకు? స్కాలర్‌షిప్ డబ్బులతో షోకులా?" అని అప్పట్లో మమ్మల్ని అన్నవాళ్లున్నారు. ఆ డబ్బు స్కాలర్‌షిప్‌ది కాదు. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కు వెళ్లి, రాత్రి ఒంటిగంట దాకా వడ్డించి, రోజుకు ఐదు వందల చొప్పున కూడబెట్టిన డబ్బు. ఆ బండి మీదనే ట్యూషన్లు చెప్పడానికి పోయాం, పరీక్షలకు పోయాం, అర్ధరాత్రి ఒక తమ్ముడికి జ్వరం వస్తే ఆసుపత్రికి పోయాం. అది షోకు కాదు, కాళ్లు.

బండి అంటే మనకు ఏమిటి?

ఉద్యోగం వచ్చిన మా మిత్రుడు గత దీపావళి తరువాత ఒక రోజు ఫోన్ చేసి "ఇంక పెద్ద బండి తీసుకుందామనుకుంటున్నా" అన్నాడు. ఆ వారమంతా మా ముగ్గురి మధ్య వాదనే వాదన. ఒకరం బుల్లెట్టు అన్నాం, ఒకరం ఆర్-15 అన్నాం, ఒకరం 125 చాలన్నాం.

ఆ వాదనలో ఒక మాట బయటికొచ్చింది. మాలో ఒకరి తాత రోజూ సైకిల్ మీద పనికి పోయేవాడట. బొడ్రాయి దగ్గరికి రాగానే సైకిల్ దిగి, నెట్టుకుంటూ నడిచి, ఆ వీధి దాటాక మళ్లీ ఎక్కేవాడట. దిగమని రోజూ ఎవరూ చెప్పక్కరలేదు. దిగాలని ఆయనకు తెలుసు. ఆ తాత మనవడు అదే బొడ్రాయి ముందు నుంచి బుల్లెట్టు మీద డుగుడుగుమని పోవాలనుకుంటే దాన్ని వట్టి పిచ్చి అనగలమా? మేము అనలేం. బండి మీద ఊళ్లోకి రావడం మన వాడ పిల్లలకు చిన్న విషయం కాదు. "మీకెందుకురా బుల్లెట్లు" అని ఎవరైనా అంటే మా జవాబు ఒకటే. ఎవరి కష్టంతో వాళ్లు కొనుక్కునేదానికి ఒకరి అనుమతి అక్కరలేదు.

అయితే ఆ కోరికను గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. బొడ్రాయి దగ్గర నిలబడి చూసేవాళ్లకు చూపించడానికి బండి కొంటే, ఆ బండిని ఎంపిక చేసేది మనం కాదు, మళ్లీ వాళ్లే. తాత దిగింది వాళ్ల కోసం. మనం ఎక్కేది కూడా వాళ్ల కోసమే అయితే మారింది ఏముంది? రెండో బండిని మన రోడ్డు, మన జేబు, మన ఇంటివాళ్లు చూసి ఎంచుకోవాలన్నదే మా అభిప్రాయం.

మెట్టు మీద మెట్టు

మొదట బలం సంగతి. స్ప్లెండర్ ఇంజను 97.2 సీసీ. బలం సుమారు 8 హార్స్ పవర్, బరువు 112 కిలోలు. 125 సీసీ బండ్లు 11 హార్స్ పవర్ దగ్గర ఉంటాయి. 150, 160 సీసీ బండ్లు దాదాపు 14 నుంచి 18 వరకు. క్లాసిక్ 350 ఇంజను 349 సీసీ, బలం 20, బరువు మాత్రం 195 కిలోలు. అంటే స్ప్లెండర్ మీద 83 కిలోలు ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో తూకం వేసే ధాన్యం బస్తాలు రెండు బండికి కట్టుకున్నట్టు. నడుస్తున్నప్పుడు ఆ బరువు తెలియదు. మట్టి బాటలో తిప్పుకునేటప్పుడు, వానలో స్టాండు వేసేటప్పుడు తెలుస్తుంది. ఇక 200 సీసీ డ్యూక్ 25 హార్స్ పవర్ ఇస్తుంది. 390 డ్యూక్ 40 దాటిపోతుంది. 8 నుంచి 40కి పోవడం మెట్టు ఎక్కడం కాదు, గోడ దూకడం.

బలం ఎక్కువైతే తప్పేమిటి, నెమ్మదిగా నడపొచ్చు కదా అంటారు. నిజమే. కానీ స్ప్లెండర్ మీద మన చేతికి ఒక అలవాటు పడింది. ముందున్న లారీని దాటాలంటే యాక్సిలరేటర్ మొత్తం తిప్పాలి. అదే చెయ్యి పెద్ద బండి మీద అంతే తిప్పితే లారీ వెనకాలే ఉంటుంది, మనం మలుపులో ఉంటాం.

పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తు చేసుకోండి. గంటకు 40 కి.మీ. వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. 80లో 22 మీటర్లు. అడ్డం కనపడి చెయ్యి బ్రేకు మీద పడేలోపే ఆ దూరం అయిపోతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం వేగం రెట్టింపైతే రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. మన రోడ్ల మీద అడ్డం అంటే ఏమిటో మీకు వేరే చెప్పాలా? సున్నం గీతలేని స్పీడ్ బ్రేకరు, వెనక లైటు లేని ట్రాక్టరు, ఇంటిదారి పట్టిన బర్రెలు, వానాకాలం పంట రాగానే సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మక్కలు.

ఒక దసరా సాయంత్రం

ఈ మక్కల సంగతి ఊరికే రాయలేదు. మన హాస్టల్‌లోనే ఉండి చదివిన ఒక అన్న 2022లో కానిస్టేబుల్ ప్రిలిమినరీ పరీక్ష పాసయ్యాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి కాలేజీ గ్రౌండులో పరుగెత్తేవాడు. 1600 మీటర్లు అవలీలగా కొట్టేవాడు. మమ్మల్ని కూడా లేపి తీసుకుపోయేవాడు. ఆ ఏడాది దసరాకు ఊరికి పోతూ మిత్రుడి దగ్గర 200 సీసీ బండి అడిగి తీసుకున్నాడు. అంతకుముందు ఆయన నడిపింది తన బాబాయి వంద సీసీ బండి ఒక్కటే. చీకటి పడే వేళ, మక్కలు ఆరబోసి, వాటి మీదికి బండ్లు రాకుండా చుట్టూ రాళ్లు పెట్టారు. ఆయన రాళ్లను చూశాడు, బ్రేకు వేశాడు. ముందు చక్రం జారిపోయింది.

తలకు హెల్మెట్ ఉంది కాబట్టి ప్రాణం దక్కింది. కుడి కాలు రెండు చోట్ల విరిగింది. డిసెంబరులో దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేనాటికి ఆయన చేతికర్రలతో నడుస్తున్నాడు. హాల్‌టికెట్ మాత్రం వచ్చింది. దాన్ని చాలా రోజులు దిండు కింద పెట్టుకున్నాడు. ఇప్పుడు ఊళ్లో చిన్న కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. మేము పోతే నవ్వుతూనే మాట్లాడతాడు. మేమే ఆ గ్రౌండు సంగతి ఎత్తం.

బండి మీద పోయేది ప్రాణం ఒక్కటే అనుకుంటాం. ఇంటికి మొదటి ఉద్యోగం కూడా పోతుంది. మన ఇళ్లలో ఒక్కరి కాలు విరిగితే మంచాన పడేది ఒక్కరు కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. అందుకని బండి ధర లెక్క వేసేటప్పుడే ఐఎస్ఐ గుర్తున్న రెండు హెల్మెట్ల ధర కలుపుకోండి. ఒకటి కాదు, రెండు.

రెండో బండిలో సీసీ కంటే ముందు చూడాల్సింది బ్రేకు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా అది పట్టీ వదిలీ, పట్టీ వదిలీ ఆపుతుంది. తడి రోడ్డు మీద దాని విలువ తెలుస్తుంది. 125లోనూ ఏబీఎస్ ఉన్న రకాలు దొరుకుతున్నాయి. పాత బండి కొనేవాళ్లు అది ఏ సంవత్సరానిదో, ఏబీఎస్ ఉందో లేదో తప్పక చూడాలి. అయితే మక్కల మీద, కంకర మీద ఏ ఏబీఎస్ అయినా అద్భుతాలు చేయదు. అక్కడ పనికొచ్చేది తగ్గించిన వేగమే.

కిస్తీ లెక్క

బుల్లెట్టు పక్షం వాదించిన మేమే మిత్రుడిని తీసుకొని ఒక షోరూముకు పోయాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటితే 40 శాతం అయింది. ధర తగ్గిందని మా ఉత్సాహం. తగ్గినా క్లాసిక్ 350 చేతికి వచ్చేసరికి రెండు లక్షలు దాటుతుంది. లక్షా యాభై వేలు అప్పు, మూడేళ్లు, "వడ్డీ పన్నెండు శాతమే సార్" అన్నాడు ఫైనాన్స్ అబ్బాయి. జీవితంలో మొదటిసారి మమ్మల్ని ఎవరో సార్ అన్నారు. ఆ సంతోషంలో సంతకం పెట్టేసేవాళ్లమే.

నెలకు ఎంత అంటే 5,667 అన్నాడు. మాలో ఒకరం ఫోన్ తీసి లెక్క వేశాం. కట్టిన కొద్దీ తగ్గే బాకీ మీద 12 శాతం అయితే నెలకు 4,982 రూపాయలే రావాలి. మరి ఇదెలా? ఆయన చెప్పింది ఫ్లాట్ వడ్డీ. సగం అప్పు తీర్చేసిన తరువాత కూడా మొత్తం లక్షా యాభై వేల మీద వడ్డీ వేస్తూనే ఉంటారు. అలా అయితే మూడేళ్లలో వడ్డీ 54 వేలు. తగ్గే బాకీ మీద అయితే సుమారు 29 వేలు. రెండింటికీ పేరు "పన్నెండు శాతమే". తేడా దాదాపు 25 వేలు, అంటే మా స్ప్లెండర్ కొన్న ధర కంటే ఎక్కువ! కాబట్టి తమ్ముళ్లూ, వడ్డీ శాతం అడగకండి. మొత్తం మీద ఎంత కట్టాలో అడగండి. కాగితం మీద రాసి ఇవ్వమనండి.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. బండికీ అంతే. నెలకు 900 కి.మీ. తిరుగుతామనుకుందాం. లీటరుకు 60 ఇచ్చే బండికి 15 లీటర్లు, 36 ఇచ్చే బండికి 25 లీటర్లు కావాలి. లీటరు 108 రూపాయలు వేసుకుంటే నెలకు 1,080 రూపాయల తేడా. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒకేసారి కట్టాలి. 2022 జూన్‌లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు అది 3,851 రూపాయలు. 150 దాటి 350 వరకు 7,365. 350 దాటితే 15,117. పన్ను వేరే. టైర్లు, చైను, క్లచ్ ప్లేట్లు అన్నీ బండిని బట్టే బరువెక్కుతాయి.

మంచి కిస్తీ దొరికినా, కిస్తీ 4,982కు పెట్రోలు 2,700 కలిపితే నెలకు 7,682. మిత్రుడి జీతంలో మూడో వంతు దాటింది. అతను ఇంటికి పంపేది ఆరు వేలు. చెల్లెలు నర్సింగ్ చదువుతోంది. గది అద్దె, తిండి ఉన్నాయి. ఏ నెలలో ఏది తప్పినా కిస్తీ తప్పకూడదు. మరి తప్పేది ఏది? ఇంటికి పంపే డబ్బే. ఈ ఒక్క మాటతో బుల్లెట్టు పక్షం వాళ్లం నోరు మూసుకున్నాం. కిస్తీ, పెట్రోలు కలిపి జీతంలో పావు వంతు దాటకూడదని మేము ఒక హద్దు పెట్టుకున్నాం.

అమ్మ కూర్చోగలదా?

ఆర్-15 ఎందుకు వద్దనుకున్నామో కూడా చెప్పాలి. 2008లో మొదటిసారి వచ్చినప్పటి నుంచి కుర్రవాళ్ల మనసు దోచుకున్న బండి అది. ఇప్పటి రకం 155 సీసీ, 18 హార్స్ పవర్. మంచి బండి, మంచి బ్రేకులు. తెలిసినవాళ్ల బండి ఒకటి తీసుకొని మిత్రుడి ఊరికి పోయాం. వాళ్లమ్మ బండిని చుట్టూ తిరిగి చూసి, "బాగుంది బిడ్డా, నేనెక్కడ కూసోవాలె?" అంది.

వెనక సీటు ఆమె నడుము కంటే ఎత్తులో ఉంది. చీర కట్టుకొని ఒక పక్కకు తిరిగి కూర్చునే ఆడమనిషికి ఆ సీటు మీద పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆమె మోకాళ్ల నొప్పులకు నెలకోసారి పట్నం ఆసుపత్రికి పోవాలి. ఆ బండి కొంటే ఆమెకు మళ్లీ ఆటోనే గతి. పేపర్లో రాసే లెక్కల్లో టాప్ స్పీడ్ ఉంటుంది, మైలేజీ ఉంటుంది, ఈ లెక్క ఉండదు. ఒక్కరే తిరిగేవాళ్లకు ఆ బండి సరిపోవచ్చు. మన ఇళ్లలో బండి ఒక్కరిది కాదు. నాయనను పొలానికి, అమ్మను ఆసుపత్రికి, చెల్లెలిని పరీక్షకు తీసుకుపోవాలి. కాబట్టి కొనేముందు ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టి చూడండి. చీర గార్డు, పట్టుకునే కమ్మి, కాళ్లు పెట్టుకునే చోటు చూడండి.

చివరికి ఏం కొన్నాం?

ఏబీఎస్ ఉన్న ఒక 125 సీసీ బండి కొన్నాం. కంపెనీ ప్రచారం చేయడం మా పని కాదు కాబట్టి పేరు రాయడం లేదు. అన్ని ఖర్చులతో లక్షా పదిహేను వేలు. మిత్రుడు దాచుకున్న 50 వేలు ముందే కట్టి, మిగతా 65 వేలు బ్యాంకులో రెండేళ్ల అప్పు తీసుకున్నాడు. తగ్గే బాకీ మీద 12 శాతం వడ్డీ, కిస్తీ నెలకు 3,060. పెట్రోలు కలిపినా మేము పెట్టుకున్న హద్దు లోపలే ఉంది. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు నడిపే యజమానికి 15 లక్షల ప్రమాద బీమా కూడా ఉందో లేదో చూసుకున్నాం. లైసెన్సు లేకపోతే అది వర్తించదు. లైసెన్సు లేని తమ్ముళ్లు బండి కలలు కనేముందు ఆ పని చూసుకోండి.

మేము కొన్నదే అందరూ కొనాలని చెప్పడం లేదు. రోజూ హైవే మీద దూరం పోయేవాళ్లకు, జీతం కాస్త ఎక్కువ ఉన్నవాళ్లకు 150, 160 సీసీ బండి మంచి మెట్టు. బుల్లెట్టు మూడో బండి కావచ్చు. అప్పు లేకుండా కొనే రోజు వస్తే మేమే వెనక కూర్చొని బొడ్రాయి దాకా వస్తాం. స్ప్లెండర్ మీద నుంచి ఒకేసారి 390 మీదికి దూకడం మాత్రం ఎంత డబ్బున్నా మేము ఒప్పుకోం.

పాత బండి సంగతి ఒకటి మిగిలింది. మేము స్ప్లెండర్ కొన్నప్పుడు ఆర్సీ మా పేరు మీదికి మార్చుకోలేదు. మూడేళ్లు పాత యజమాని పేరు మీదే తిరిగాం. ఆ మూడేళ్లలో ఎవరికైనా తగిలి ఉంటే కోర్టు మెట్లు ఎక్కేది ఆయన, అప్పుల పాలయ్యేది మేము. ఇప్పుడు 29, 30 నంబరు ఫారాలు నింపి, ముందు మాలో ఒకరి పేరు మీదికి మార్చి, ఇన్సూరెన్స్ కట్టి, ఆ తరువాతే అమ్మాం. కొన్నది ఎవరో కాదు. ఇదే హాస్టల్‌లో ఫైనల్ ఇయర్ చదువుతున్న ఇద్దరు తమ్ముళ్లు, 18 వేలకు. ఇద్దరూ క్యాటరింగ్‌కు పోతారు. సీటు కొత్తగా కుట్టించి ఇచ్చాం, సెల్ఫ్ మాత్రం ఇప్పటికీ పనిచేయదు. బండితోపాటు మా రెండు హెల్మెట్లు ఇవ్వబోతే, "వద్దన్నా, అవి పాతబడ్డాయి, మేము కొత్తవి కొన్నాం" అన్నారు. ఈ వ్యాసం చదవకముందే వాళ్లకు సగం తెలిసిపోయింది. మిగతా సగం మీ అందరి కోసం రాశాం.